‘ఇంజిన్ చేయించి రెండు నెలలు కాలేదు, బండి పట్టేసింది’: ఆర్‌ఎక్స్ 100 గురించి ఒక తమ్ముడి ఉత్తరానికి జవాబు

ఉత్తరం పెద్దది. రాసినతను గుంటూరు జిల్లా వాడు, పేరూ ఊరూ వేయొద్దన్నాడు. వాళ్ల నాన్న 1993లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 పదేళ్లకు పైగా ఇంటి వెనక రేకుల షెడ్డులో పడి ఉంది. నాన్న రిటైరయ్యే రోజుకి దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని ఇతను జీతంలోంచి కూడబెట్టి ఇంజిన్ మొత్తం చేయించాడు. కొత్త బోరు (సిలిండర్ లోపలి గోడని కాస్త పెద్దగా, నున్నగా కోయించడం), పిస్టన్ కిట్, కనెక్టింగ్ రాడ్ కిట్, బేరింగులు, ఆయిల్ సీళ్లు, అన్నీ. చేసింది నాన్న చిన్ననాటి స్నేహితుడు, ఇతను బాబాయ్ అని పిలిచే మెకానిక్. మొదటిసారి పెట్రోల్ పోసినప్పుడు బాబాయే అందులో కాస్త టూటీ ఆయిల్ (ఇలాంటి టూస్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోల్‌తో పాటే మండుతూ లోపలి భాగాలకి జిడ్డు అందించే ఆయిల్) కలిపాడట, ఆ పెట్రోల్ ఉన్నన్నాళ్లూ బండి బ్రహ్మాండంగా నడిచింది, కొంచెం తెల్ల పొగ తప్ప. రెండోసారి బంకులో కొట్టించుకున్న వారంలోనే, ఒక మధ్యాహ్నం స్నేహితుణ్ణి వెనక ఎక్కించుకుని విజయవాడ వెళ్తుంటే మంగళగిరి దాటాక పికప్ పడిపోయి, ఇంజిన్ పట్టేసి, వెనక చక్రం జారింది. కిందపడలేదు, అదృష్టం. అరగంట ఆగి కిక్ కొడితే స్టార్టయింది. అప్పట్నుంచీ కొత్తగా టకటకమని శబ్దం, ఫుట్‌రెస్టుల్లో వణుకు, పొగ ఇంకా ఎక్కువ, గేర్‌బాక్సులో ఆయిల్ తగ్గుతోంది.

బాబాయేమో ‘కొత్త ఇంజిన్ రా, బిగువుగానే ఉంటుంది, వెయ్యి కిలోమీటర్లు తిప్పు, సెట్టవుతుంది’ అంటున్నాడు. ఆటోనగర్‌లో ఇంకో మెకానిక్ కాసేపు విని ‘క్రాంకు పోయింది, మొత్తం విప్పాలి, ఇరవై వేలు’ అన్నాడు (క్రాంకు అంటే పిస్టన్ కదలికని తిరుగుడుగా మార్చే ఇరుసు). నాన్న ‘వాణ్ణి ఏమీ అనకు, నలభై ఏళ్ల స్నేహం’ అంటున్నారు. ఈ మధ్యలో ఒకాయన బండి ఉన్నది ఉన్నట్టు కొంటానని వచ్చాడు. ‘అన్నా, ఎవరి మాట నమ్మాలి? మొత్తం విప్పకుండా లోపల ఏం పోయిందో తెలుసుకునే దారుందా? బాబాయ్‌ని ఏమని అడగాలి? రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు’ అని ముగించాడు.

తమ్ముడూ, ముందు ఆ బండికి కిక్ కొట్టడం ఆపెయ్. సందు చివర టీ కొట్టు దాకా కూడా వద్దు. బాబాయ్ చెప్పిన మాట మామూలు కొత్త ఇంజిన్‌కి నిజమే, కొత్త పిస్టన్ కొన్ని వందల కిలోమీటర్లు బిగువుగా ఉంటుంది, తర్వాత సాఫీ అవుతుంది. కానీ ఒకసారి పట్టేసిన ఇంజిన్‌కి ఆ మాట చెల్లదు. పట్టేసిందంటే పిస్టన్ అల్యూమినియం కరిగి సిలిండర్ గోడకు పూసుకుందనే అర్థం. అది తిప్పితే సెట్టవ్వదు, తిప్పేకొద్దీ గీతలు లోతవుతాయి. అదీగాక రెండోసారి పట్టేసినప్పుడు నీ వెనక లారీ ఉండొచ్చు. ఎప్పుడైనా ఏ టూస్ట్రోక్ బండి మీదైనా అలా పికప్ ఒక్కసారిగా పడిపోతుంటే వెంటనే క్లచ్ పట్టుకోవాలి. వెనక చక్రం లాక్ కాకుండా ఉండేది దాంతోనే.

ఇక అసలు విషయం. నీ ఉత్తరం మధ్యలో, సైడ్ కవర్లకి కొట్టించిన పెయింటు గురించి చెబుతూ, ఒక వాక్యం రాశావు: ‘టూటీ ట్యాంకులో ఆయిల్ మాత్రం పోసింది పోసినట్టే ఉంది, బండి ఆయిల్ ఎక్కువ తాగట్లేదు, అదొక్కటే సంతోషం.’ నేను అక్కడే ఆగిపోయాను. ఆ వాక్యంలోనే నీ జబ్బు ఉందని నా అనుమానం.

ఆర్‌ఎక్స్ 100కి టూటీ ఆయిల్ ట్యాంకు విడిగా ఉంటుంది, పంపు దాన్ని కొలత ప్రకారం ఇంజిన్‌కి పంపుతుంది. పిస్టన్‌కీ, సిలిండర్‌కీ, కనెక్టింగ్ రాడ్ కింది బేరింగుకీ అదే ఆధారం. ఫోర్‌స్ట్రోక్ బండిలో లాగా కింద ఆయిల్ నిలవ ఉండి పైకి చిమ్మడం ఇక్కడ లేదు. నువ్వు తిరిగిన దూరానికి ఆ ట్యాంకులో తేడా కంటికి తెలిసేలా తగ్గి ఉండాలి. తగ్గలేదంటే పంపు పంపట్లేదు. పదేళ్లు మూలన పడున్న బండి, పైపు విప్పి మళ్లీ బిగించారు, లోపల గాలి చేరి ఉంటుంది. ఆ గాలి తీయకపోతే పంపు తిరుగుతుంది గానీ ఆయిల్ కదలదు. లేదా పాత ఆయిల్ గట్టిపడి పైపు మూసుకుపోయి ఉండొచ్చు, పంపు గేరు అరిగి ఉండొచ్చు. ఏదైనా ఫలితం ఒకటే. మొదటిసారి బాబాయ్ పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపాడు కాబట్టి బండి బాగా నడిచింది. రెండోసారి నువ్వు పోసింది ఉత్త పెట్రోల్. లెక్క సరిపోయిందా?

పొగ వస్తోంది కదా, ఆయిల్ మండుతోందనే కదా అని నువ్వూ అనుకుని ఉంటావు, బాబాయ్ కూడా అనుకుని ఉంటాడు. అక్కడే ఇద్దరూ మోసపోయారు. ఆ పొగ టూటీది కాకపోవచ్చు, గేర్‌బాక్సు ఆయిల్‌ది కావొచ్చు. క్రాంకుకి రెండు వైపులా ఆయిల్ సీళ్లు ఉంటాయి, కుడి పక్క క్లచ్ వైపు ఒకటి, ఎడమ పక్క మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు ఒకటి. క్లచ్ వైపు సీల్ సరిగ్గా కూర్చోకపోయినా, బిగించేటప్పుడు దాని అంచు చిరిగినా, క్రాంకు గది గేర్‌బాక్సు ఆయిల్‌ని లోపలికి పీల్చుకుంటుంది, అది మండి తెల్ల పొగ అవుతుంది, గేర్‌బాక్సులో మట్టం తగ్గుతుంది. నువ్వు రాసిన లక్షణాలు అచ్చంగా ఇవే. కాబట్టి నీ ఇంజిన్‌లో ఉన్నది ఒక సమస్య కాదు, కనీసం రెండు. ఆయిల్ పంపు ఒకటి, సీల్ ఇంకొకటి. వాటి వల్ల ఏమేం దెబ్బతిన్నాయన్నది మూడోది.

ఏం పోయింది అన్నదొక ప్రశ్న, ఎందుకు పోయింది అన్నది వేరే ప్రశ్న. ఆటోనగర్ మెకానిక్ మొదటిదానికి మాత్రమే జవాబు చెప్పాడు, అదీ విప్పకుండానే. ఆయన మాట నిజమే అయినా, ఇరవై వేలు పోసి కొత్త క్రాంకు, కొత్త పిస్టన్ వేయించి అదే పంపుతో బయటికి తెస్తే మళ్లీ మంగళగిరి దగ్గరే ఆగుతుంది.

నీ ఇంట్లోనే, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, ట్యాంకు నుంచి పంపుకి వచ్చే ఆయిల్ పైపు. టార్చి వేసి చూడు, మధ్యలో గాలి బుడగలు ఉన్నా, కొంత దూరం ఖాళీగా ఉన్నా అనుమానం సగం తీరినట్టే. ఫోటో తియ్యి, పైపు కదిలించకు. రెండోది, ప్లగ్గు విప్పి ఎండలో చూడు. పింగాణీ మీద వెండి పొడి లాంటి చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే అది పిస్టన్ లోహమే. నల్లగా తడిగా ఉంటే గేర్ ఆయిల్ లోపలికి వస్తూ ఉండొచ్చు. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ మండింది. అప్పుడు మాగ్నెట్ వైపు సీల్ మీద కూడా అనుమానం పడాలి, ఎందుకంటే అటు వైపు పోతే పీల్చుకునేది ఆయిల్ కాదు, గాలి.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష, గాస్కెట్ ఖర్చు కూడా ఉండదు. సైలెన్సర్ ముందు నట్లు విప్పి పక్కకి తియ్యి. సిలిండర్‌లో పొగ బయటికొచ్చే రంధ్రం కనిపిస్తుంది. ప్లగ్గు తీసేసి ఉంచి, కిక్ రాడ్‌ని చేత్తో మెల్లగా నొక్కుతూ పిస్టన్‌ని పైకీ కిందకీ తీసుకురా, ఫోన్ టార్చి ఆ రంధ్రంలోకి వెయ్యి. పిస్టన్ పక్క గోడ నున్నగా, సన్నని మెషీన్ గీతలతో బూడిద రంగులో ఉండాలి. నిలువునా గీరుకుపోయి, అక్కడక్కడా మెరుస్తూ పూసినట్టుంటే పట్టేసిన గుర్తు అదే. అలాగే రింగులు రంధ్రం ఎదురుగా వచ్చినప్పుడు సన్నటి చెక్క పుల్లతో (ఇనుముతో వద్దు) కొంచెం లోపలికి నొక్కి వదులు. స్ప్రింగులా వెనక్కి రావాలి. కదలకపోతే కరిగిన లోహం రింగుని గాడిలోనే అతికించేసింది. ఆ స్థితిలో నడిపితే రింగు విరిగి రంధ్రం అంచుకి తగులుకుంటుంది, అప్పుడు పోయేది సిలిండర్.

‘గేర్‌బాక్సు ఆయిల్ తీసి గుడ్డలో వడకట్టి చూశాను, లోహం ముక్కలు లేవు, కాబట్టి క్రాంకు బాగున్నట్టే కదా’ అని కూడా రాశావు. ఇది చాలామంది అనుకునేదే, కానీ కాదు. ఫోర్‌స్ట్రోక్‌లో అయితే రాడ్ బేరింగు అరిగిన పొడి ఇంజిన్ ఆయిల్‌లోనే కనిపిస్తుంది. టూస్ట్రోక్‌లో క్రాంకు గది వేరు, గేర్‌బాక్సు వేరు. ఆ ఆయిల్ శుభ్రంగా ఉంటే గేర్లూ క్లచ్చూ బాగున్నట్టు, అంతవరకే. క్రాంకు సంగతి అది చెప్పదు.

శబ్దం గురించి. ఫోన్‌లో పంపిన రికార్డింగుని బట్టి తేల్చలేను, ఆ ఫోన్ మైకులో అన్నీ టకటకే. నువ్వే గుర్తు తెచ్చుకో. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఎక్కువై, వేడెక్కాక తగ్గేదా? అయితే పిస్టన్ సిలిండర్‌లో వదులై అటూ ఇటూ కొట్టుకుంటోంది. లోడు మీద, తక్కువ స్పీడులో యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు లోపల్నుంచి బరువుగా దడదడమనేదా? అది రాడ్ కింది బేరింగు. ఖాళీగా రేజ్ చేసినప్పుడు సన్నగా గిలకలా మోగితే పై పిన్ను బేరింగు. క్లచ్ నొక్కగానే మారిపోతే అసలు ఇంజిన్‌ది కాకపోవచ్చు, క్లచ్ వైపు చూడాలి. రాడ్‌ని ఇంకోలా కూడా పరీక్షించొచ్చు. ఎడమ వైపు మాగ్నెట్ కవర్ తీసి, ప్లగ్గు రంధ్రంలోంచి ఒక పొడవాటి స్ట్రా పిస్టన్ మీదికి దించి, పిస్టన్ సగం దూరంలో ఉన్నప్పుడు మాగ్నెట్‌ని చేత్తో కాస్త ముందుకీ వెనక్కీ తిప్పు. చెయ్యి కదిలినా స్ట్రా కదలని ఖాళీ ఉందంటే రాడ్‌లో ఆట ఉంది. ఇది స్థూలమైన పరీక్షే. ఖచ్చితంగా తెలియాలంటే సిలిండర్ తీశాక రాడ్‌ని పైకి తెచ్చి, పట్టుకుని నిలువుగా లాగి చూడాలి. పక్కలకి కదలడం మామూలే, కంగారు పడకు. పైకీ కిందకీ కదలిక మాత్రం ఏమాత్రం ఉండకూడదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ వణుకు. పట్టేయక ముందు లేదు, తర్వాతే వచ్చిందని రాశావు. ఈ క్రాంకు ఒకే ముక్క కాదు, రెండు చక్రాల మధ్య పిన్నుని ప్రెస్సులో బిగించి చేస్తారు. తిరుగుతున్న ఇంజిన్ ఒక్కసారిగా ఆగితే ఆ ఊపుకి చక్రాలు పిన్ను మీద వెంట్రుకవాసి తిరిగిపోయి క్రాంకు వంకరవుతుంది. లేదా రాడ్ కిట్ వేసినప్పుడే డయల్ గేజి (వెంట్రుకవాసి తేడాని కూడా ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి అలైన్‌మెంట్ సరిచూడకుండా సుత్తితో అంచనా మీద కొట్టి ఇచ్చి ఉండొచ్చు. ఇలాంటి క్రాంకుల్లో వంకర 0.03 మి.మీ. దాటకూడదు, అది కంటికి కనిపించేది కాదు. దాటితే బండి వణుకుతుంది, మెయిన్ బేరింగులు అరుగుతాయి, కొత్త సీళ్లు కూడా త్వరగా పోతాయి. పొగ ఎక్కువవడానికీ వణుకుకీ ఇక్కడ చుట్టరికం ఉండొచ్చు. మాగ్నెట్ చక్రం తీసి షాఫ్టు చివర డయల్ గేజి ఆనించి తిప్పితే ఇంజిన్ విప్పకుండానే ఒక అంచనా వస్తుంది. లేత్ వాళ్ల దగ్గర ఆ గేజి ఉంటుంది, బండి అక్కడికి తోసుకెళ్లడమే పని.

సీళ్లకైతే ఇంట్లో పాత బీపీ మిషన్ ఉంటే పనికొస్తుంది, నిజంగానే. ఎగ్జాస్ట్ రంధ్రాన్ని పాత ట్యూబు ముక్కతో, ఒక రేకుతో గట్టిగా మూసి, కార్బొరేటర్ తీసేసి ఆ రబ్బరు గొట్టానికి బీపీ బల్బూ మీటరూ గాలి కారకుండా అమర్చి, పంపు నుంచి వచ్చే ఆయిల్ పైపు చివర మూసి, ప్లగ్గు బిగించి, పిస్టన్‌ని కిందికి తెచ్చి 250 దాకా నొక్కు. అంటే దాదాపు 5 పీఎస్ఐ. అంతకు మించి వద్దు, సైకిల్ పంపు అసలే వద్దు, మంచి సీల్ కూడా ఊడొస్తుంది. కొన్ని నిమిషాలు ముల్లు నిలబడాలి. జారిపోతుంటే సబ్బు నురగ రాస్తూ వెళ్లు. మాగ్నెట్ వైపు బుడగలొస్తే ఆ సీల్, గేర్‌బాక్సు ఆయిల్ పోసే రంధ్రం దగ్గర బుడగలొస్తే క్లచ్ వైపు సీల్. హెడ్ గాస్కెట్, సిలిండర్ కింది గాస్కెట్ కూడా చూడు.

ఇవన్నీ చూశాక నీ ముందు నాలుగు దారులు ఉంటాయి. బాబాయ్ అన్నట్టు నడపడం ఒకటి, దాని సంగతి చెప్పాను. రెండోది, ఆటోనగర్‌లో మొత్తం ఇచ్చేయడం. ఆయన సీనియర్ కావొచ్చు, మంచివాడే కావొచ్చు, కానీ విప్పకముందే రేటు చెప్పినవాడు విప్పాక ఏం దొరికినా అదే రేటుకి పని చూపిస్తాడు. ఇస్తే గనక, విప్పేటప్పుడు నువ్వు పక్కనుండాలి, పాత పార్టులన్నీ నీ చేతికి రావాలి అని ముందే మాట్లాడుకో. ఈ బండి తయారీ ఆగిపోయింది 1996లో. కంపెనీ సిలిండర్, కంపెనీ క్రాంకు ఇప్పుడు బంగారం. సిలిండర్ మీదా క్రాంక్‌కేస్ మీదా కనపడని చోట చిన్న పంచ్ గుర్తు కొట్టించి, ఫోటో తీసుకుని అప్పుడివ్వు.

మూడోది, బాబాయ్ షాపులోనే, నువ్వు పక్కన కూర్చుని, హెడ్డూ సిలిండరూ మాత్రం విప్పించడం. నేనైతే దీనికే మొగ్గుతాను. ఖర్చు గాస్కెట్లదే. రాడ్‌లో ఆట లేకుండా, గేజిలో వంకర లేకుండా, పిస్టన్ మాత్రమే గీరుకుని ఉంటే క్రాంకు జోలికి వెళ్లక్కర్లేదు. క్లచ్ వైపు సీల్ మార్చి, క్రాంకు గదిలో రాలిన పొడి పోయేదాకా శుభ్రంగా పెట్రోల్‌తో కడిగి, బేరింగు చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకుండా ఉందో లేదో చూస్తే సరిపోతుంది. సిలిండర్ లోపల గీత మీద గోరు పెట్టి లాగు. గోరు ఆగకపోతే హోనింగుతో (గోడని రాయితో సన్నగా రాపిడి పట్టడం) పోవచ్చు. ఆగితే తర్వాతి సైజు బోరుకి వెళ్లాలి. బోరు సైజులు మొదటి సైజు మీద 0.25 చొప్పున పెరుగుతూ 1.00 మి.మీ. ఎక్కువ దాకా ఉంటాయి, నీది ఇప్పుడు ఎన్నో సైజో బాబాయ్‌ని అడుగు, ఎందుకంటే ప్రతి బోరూ ఆ సిలిండర్ ఆయుష్షులోంచి పోతుంది. రాడ్‌లో ఆట ఉన్నా, వంకర తేలినా ఇక తప్పదు, క్రాంకు బయటికి తీయాలి, ఆటోనగర్ మాట ఆ మేరకు నిజమవుతుంది. అప్పుడు క్రాంకు పని మాత్రం ప్రెస్సూ డయల్ గేజీ ఉన్న లేత్‌కి ఇచ్చి, బిగింపు బాబాయ్ చేత చేయించొచ్చు.

నాలుగోది అమ్మకం. తప్పేమీ లేదు, కానీ పట్టేసిన విషయం దాచి అమ్మకు, కొన్నవాడు కూడా రోడ్డు మీదే కదా తోలేది. పదిహేనేళ్లు దాటిన బండి, ఆర్‌సీ రెన్యువల్ సంగతి కూడా చూసుకో. నాన్నని అడక్కుండా మాత్రం అమ్మకు, అది నీ డబ్బుతో బాగైనా ఆయన బండి. ఇప్పుడే తేల్చుకోలేకపోతే ప్లగ్గు రంధ్రంలోంచి కాస్త టూటీ ఆయిల్ పోసి, కిక్ చేత్తో రెండుసార్లు నొక్కి, కప్పి పెట్టెయ్. నెల రోజులు ఆగినా నష్టం లేదు. ఆగకూడనిది నడపడమే.

బాబాయ్ విషయం. నాన్న భయం నాకు అర్థమైంది, కానీ ఆయన అడగొద్దన్నది తప్పు పట్టొద్దనే అర్థంలో అయి ఉంటుంది. ఆటోనగర్ వాడు ఇలా అన్నాడని మొదలుపెట్టావో, ఏ మెకానిక్‌కైనా రోషం వస్తుంది, ఇక విప్పి చూసే మనసు రాదు. ఆ పేరే ఎత్తకు. పైపు ఫోటో పట్టుకెళ్లి ‘బాబాయ్, టూటీ అసలు తగ్గలేదు, ఇదిగో పైపులో గాలి ఉంది, ఓసారి చూద్దామా’ అను. పనిమంతుడైతే ఆ ఫోటో చూడగానే ఆయనకే తెలిసిపోతుంది, నువ్వు ఇంకేం చెప్పక్కర్లేదు. పంపు గాలి తీయడం మర్చిపోవడం పెద్ద మోసం కాదు, పొరపాటు. అదే సమయంలో కొత్త బోరు మీద మండుటెండలో ఇద్దరెక్కి హైవే మీద తోలింది నువ్వు, అది కూడా ఒప్పుకో. పార్టులు నీవి, కూలి వద్దులే అని ఆయనే అంటే సరేనను. అనకపోతే సగం ఇచ్చి ఊరుకో, ఆ తర్వాత ఆయన దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది నీ ఇష్టం. ఒకవేళ ఫోటో చూసి కూడా ‘అదేం లేదు, తిప్పు’ అని కొట్టిపారేస్తే, గొడవ పడకుండా బండి ఇంటికి తెచ్చుకుని రెండో దారి పట్టు, నాన్నకి అదే ఫోటో చూపించి చెప్పు.

ఎవరు బిగించినా సరే, ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ చేసే ముందు పంపు దగ్గర గాలి తీసే స్క్రూ విప్పి బుడగలు లేకుండా ఆయిల్ కారేదాకా చూడు. మొదటి రెండు మూడు ట్యాంకులకి పంపు పనిచేస్తున్నా పెట్రోల్‌లో లీటరుకి 20 మి.లీ. టూటీ విడిగా కలుపు, పొగ ఎక్కువైనా పర్లేదు. ట్యాంకులో ఆయిల్ మట్టం దగ్గర టేపు ముక్క అతికించి తగ్గుతోందో లేదో చూస్తూ ఉండు. తగ్గకపోతే కలపడం ఆపకు. మొదటి 500 కిలోమీటర్లు ఒక్కడివే, సగం యాక్సిలరేటర్ దాటకుండా, ఒకే స్పీడులో లాగకుండా నడుపు.

పిస్టన్ బయటికి వచ్చిన రోజు తుడవకుండా నాలుగు వైపులా ఫోటోలు తీసి నాకు పంపు. గీరుడు పొగ రంధ్రం వైపే ఉంటే వేడి, గాలి లీకు వైపు వెతకాలి. చుట్టూ ఉంటే ఆయిల్ అందలేదన్న నా అనుమానం గట్టిపడుతుంది. నాలుగు మూలలా చారలుగా ఉంటే బోరు మరీ బిగువుగా కొట్టారని అర్థం, అప్పుడు మాట్లాడాల్సింది బాబాయ్‌తో కాదు, బోరు కొట్టిన లేత్ వాళ్లతో.